గీత పడిన ఏడాది

శ్రీకాకుళంలో బస్సెక్కి పాతపట్నంలో దిగి, ముందుకు కొంతదూరం సాగితే చాలు. దుకాణాల మీది పేర్లు ఉన్నట్టుండి మరో లిపిలోకి మారిపోతాయి. మన అక్షరాల్లాగే గుండ్రంగా ఉంటాయి గాని మనకు చదవ రావు. టీకొట్టువాడు మాత్రం మారడు. "ఏటి బాబూ, పంచదార తగ్గించీమంటారా?" అని మన యాసలోనే అడుగుతాడు. వెనక విడిచివచ్చింది పాతపట్నం, ఆంధ్రప్రదేశ్. ఎదుట కనిపిస్తున్నది పర్లాకిమిడి, ఒడిశా. రెండు రాష్ట్రాల మధ్య ఉండేది ఏ పెద్ద కొండో, ఏ మహానదో అయి ఉంటుందని ఊహించుకుని వచ్చినవారికి ఇక్కడ ఆశాభంగం తప్పదు.

మా అమ్మమ్మ పుట్టిల్లు పర్లాకిమిడి. ఆవిడ ఏనాడూ ఆ పేరు పూర్తిగా పలకలేదు. "మా కిమిడి" అనేది, అంతే. ఆవిడ 1929లో పుట్టింది. ఏడో ఏట ఒకనాటి ఉదయం నిద్రలేచేసరికి ఆవిడ ఊరు మద్రాసు రాజధానిలో లేదు. ఒరిస్సా రాష్ట్రంలో ఉంది. పడుకున్న మంచం మారలేదు, పెరట్లో నుయ్యి మారలేదు, రాష్ట్రం మారిపోయింది.

"ఊరు ఎక్కడికెల్తాదిరా? ఊరు అక్కడే ఉంది. కాయితం మీద గీత పడింది, అంతే" అని తేలిగ్గా అనేసేది.

నేను తెలుగులో ఎం.ఏ. చదివి, కాలేజీలో పిల్లలకు పాఠం చెప్పడం మొదలుపెట్టిన చాలాకాలానికి గాని ఆ "కాయితం మీద గీత" సంగతి నాకు సరిగా బోధపడలేదు. ఆ గీత పడిన సంవత్సరం 1936. ఉత్తరాంధ్ర చరిత్ర అనగానే మనకు 1757 నాటి బొబ్బిలి యుద్ధం గుర్తుకువస్తుంది. 1794 నాటి పద్మనాభ యుద్ధం గుర్తుకువస్తుంది. 1936లో కత్తి దూసినవాడు లేడు, రక్తం చిందలేదు. అందుకే కాబోలు, ఆ ఏడాదిని మనం ఇంచుమించు మరచిపోయాము. కాని శ్రీకాకుళం, విజయనగరం సీమలలో ఏ ఇంటివారిని కదిపినా గీత అవతల ఒక మేనత్తో, ఒక పెదనాన్నో ఉన్న ముచ్చట ఒకటి బయటపడుతుంది.

పక్కింటివారి గోడు

ముందుగా న్యాయం మాట్లాడుకోవాలి. ఒరిస్సా రాష్ట్రం ఎవరో మన మీద కోపంతో కోరుకున్నది కాదు. ఒడియా మాట్లాడే ప్రజలు అప్పటికి అనేక దశాబ్దాలుగా చెట్టుకొకరు పుట్టకొకరుగా ఉన్నారు. కొందరు బెంగాలు కింద, కొందరు మధ్యపరగణాల కింద, గంజాం జిల్లావారు మద్రాసు కింద. ఒడియా అసలు ప్రత్యేక భాషే కాదని 1870లో ఒక బెంగాలీ ఉపాధ్యాయుడు పుస్తకమే రాశాడు. సంబల్పూరులో 1890లలో ఒడియాను కచేరీలనుంచి తొలగించి హిందీని ప్రవేశపెట్టారు; ప్రజలు గోలపెట్టిన మీదట 1903లో మళ్ళీ ఒడియాను నిలబెట్టారు. ఆ సంవత్సరమే మధుసూదన దాసుగారి పూనికతో ఉత్కళ సమ్మేళనం పుట్టింది.

గంజాం జిల్లాలోని ఒడియావారికి మరో బాధ ఉండేది. అక్కడి ఉద్యోగాల్లో తెలుగువారి సంఖ్య ఎక్కువ. తమ ఊళ్ళో తామే పరాయివారమైపోయామని వారు మొరపెట్టుకున్నారు. ఈ మొర మనకు కొత్తదా? మద్రాసులో అరవవారి మధ్య మనం పెట్టుకున్న మొర కూడా ఇదే కదా! 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిపి మనవారు కోరినదీ, పదేళ్ళ ముందు ఉత్కళులు కోరినదీ ఒక్కటే. మాట్లాడే భాషకు ఒక ఇల్లు.

చిక్కల్లా ఎక్కడ వచ్చిందంటే, ఆ ఇంటికి గోడ ఎక్కడ కట్టాలన్న దగ్గర వచ్చింది. ఊళ్ళన్నీ ఒకే భాష మాట్లాడితే పేచీ లేదు. గంజాం దక్షిణాన, విశాఖపట్నం మన్యంలో ఒక వీధి తెలుగు, ఒక వీధి ఒడియా, ఊరు దాటి కొండెక్కితే సవర, జాతాపు, కొండదొర పల్లెలు. ఒకే ఇంట్లో తల్లి ఒక భాష, పొరుగు మరో భాష.

1931లో సర్ శామ్యూల్ ఓడొనెల్ అధ్యక్షతన సరిహద్దుల సంఘం ఒకటి ఏర్పడింది. పర్లాకిమిడి రాజావారు శ్రీ కృష్ణచంద్ర గజపతి, తెలుగువారి తరఫున విశాఖపట్నానికి చెందిన శ్రీ సి.వి.ఎస్. నరసింహరాజు అందులో సహసభ్యులు. సంఘం 1932లో నివేదిక సమర్పించింది. మరుసటి ఏడు ప్రభుత్వం వెలువరించిన శ్వేతపత్రంలో పర్లాకిమిడి, జయపురం ఒరిస్సా వెలుపల ఉన్నాయి. తెలుగువారు హమ్మయ్య అనుకున్నారు. ఒడియావారు అంగీకరించలేదు. కిమిడి రాజావారు అంతకుముందే లండను రౌండు టేబిలు సమావేశంలో ఒరిస్సా కోసం గొంతెత్తినవారు. మళ్ళీ లండను వెళ్ళారు. 1934లో పార్లమెంటు ఉమ్మడి సంఘం జయపురాన్నీ, పర్లాకిమిడి పట్టణంతో కూడిన కొంత భాగాన్నీ ఒరిస్సాలో చేర్చమన్నది. ఇలా మూడేళ్ళలో ఒక ఊరు కాగితాల మీద అటూ ఇటూ ఊగి, చివరికి అటు ఒరిగింది.

పంతులుగారి ఇల్లు

ఆ ఊళ్ళో అప్పటికి యాభైఅయిదేళ్ళుగా కాపురమున్న ఒక పెద్దమనిషి ఉన్నారు. చెవులు వినపడవు. డెబ్బైరెండేళ్ళు నిండాయి. ఆయనే గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు.

పంతులుగారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. విజయనగరంలో గురజాడ అప్పారావుగారితో కలిసి చదువుకున్నారు. 1880లో ముప్ఫై రూపాయల జీతం మీద పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరారు. ఆ ఊళ్ళో సంతకు కొండదిగి వచ్చే సవరలను చూశారు. వారి మాట ఎవరికీ అర్థం కాదు. దుకాణదారు చెప్పిందే ధర, గుమాస్తా రాసిందే లెక్క. వారి భాష నేర్చుకుంటే తప్ప వారికి చదువు చెప్పడం కుదరదని పంతులుగారికి తోచింది. తెలుగు తెలిసిన ఒక సవరను ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. కొండలెక్కారు. అక్కడి మలేరియా జ్వరాలకు మోతాదు మీద మోతాదుగా క్వినైను మింగారు. ఆ మందే ఆయనకు చెవుడు తెచ్చిపెట్టింది. మాటలను చెవితో ఏరి తెచ్చుకునే పనిలో పడ్డ మనిషికి చెవులే పోవడం ఎలాంటి దెబ్బో ఆలోచించండి. ఆయన పని మానలేదు. సవర పల్లెల పిల్లలకు వారి భాషలోనే వాచకాలు తయారుచేశారు. 1931లో మద్రాసు ప్రభుత్వం ఆయన సవర వ్యాకరణాన్ని అచ్చువేసింది. 1933లో ఇంగ్లీషు–సవర నిఘంటువు వచ్చింది.

పంతులుగారిని మనం వ్యావహారిక భాషోద్యమ పితామహులుగా ఎరుగుదుము. ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకునేది ఆయన పేరనే. నా ఉద్దేశంలో ఆయన చేసిన రెండు పనులూ నిజానికి ఒకటే పని. పండితుల గ్రంథాలలో లేకపోయినంత మాత్రాన నోటిలోని తెలుగు తప్పు కాదన్నారు. లిపి లేనంత మాత్రాన సవర భాష కాకపోదన్నారు. జనం నోట ఉన్నదే భాష. ఈ ఒక్క సూత్రం పట్టుకునే ఆయన రెండు వైపులా పోరాడారు.

అలాంటి మనిషి ఇంటిమీదికే భాష పేర గీత వచ్చింది. కిమిడి పట్టణంలో తెలుగువారు పెద్దసంఖ్యలో ఉన్నారు, దానిని ఒరిస్సాలో కలపడం సమంజసం కాదని ఆయన వాదించారు. తెలుగువారికి నాయకత్వం వహించారు. ఎదుట ఉన్నది ఎవరు? తాను ఏళ్ళతరబడి కొలువు చేసిన సంస్థానపు ప్రభువు. ఇందులో పగవారంటూ ఎవరూ లేరు. ఇద్దరూ తమ తమ భాషల కోసం నిలబడ్డవారే. అందుకే ఈ కథ బొబ్బిలి కథకన్నా చెప్పడం కష్టం.

ధాత ఉగాది వెళ్ళిన వారం

ధాత నామ సంవత్సరం ఉగాది వెళ్ళి పదిరోజులైనా కాలేదు. శ్రీరామనవమి పందిళ్ళ రోజులు. 1936 ఏప్రిల్ 1వ తేదీన కటకంలో కొత్త ఒరిస్సా రాష్ట్రం ఆవిర్భవించింది. సర్ జాన్ హబ్బాక్ తొలి గవర్నరుగా ప్రమాణం చేశారు. కటకం, పూరీ, బాలేశ్వరం, సంబల్పూరు, గంజాం, కోరాపుట్ – ఆరు జిల్లాలు. బ్రిటిషు ఇండియాలో భాష ప్రాతిపదికమీద ఏర్పడిన మొదటి రాష్ట్రం అదే. ఒడియావారు నేటికీ ఆ రోజును ఉత్కళ దినంగా పండుగ చేసుకుంటారు. చేసుకోవలసిందే.

ఆ ఉదయం ఉత్సవం ఇంకా కొన్ని గంటలు ఉందనగా గిడుగువారు పర్లాకిమిడిలో ఇల్లూ వాకిలీ విడిచి బయలుదేరారని మనవైపు చెప్పుకుంటారు. రాజమహేంద్రవరం చేరి, అక్కడే స్థిరపడ్డారు. డెబ్బైరెండేళ్ళ వయసులో ఊరు మారడమంటే ఏమిటో వృద్ధులున్న ప్రతి ఇంటికీ తెలుసు. పెరట్లో మామిడిచెట్టును కూడా తమతో తీసుకుపోలేదని ఏడ్చే పెద్దలను మనం చూస్తూనే ఉన్నాము.

ఆ రోజున కలిగిన మార్పులు ఇంతా అంతా కాదు. బరంపురం ఒరిస్సాకు వెళ్ళింది. 1894లో అక్కడ పుట్టిన తెలుగు బిడ్డ వి.వి. గిరి తరువాత రాష్ట్రపతి అయ్యారు. విశాఖపట్నం జిల్లాలోని జయపురం జమీ కోరాపుట్ జిల్లాగా మారింది. జయపురం మహారాజా విక్రమదేవ వర్మగారు స్వయంగా తెలుగు కవి పండితుడు, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చిన దాత. గుణుపురం, రాయగడ అటు. సాలూరు, పార్వతీపురం ఇటు. గంజాంలో మిగిలిన శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట ప్రాంతాలు విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. మళ్ళీ 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లాగా, 1979లో దానిలో కొంత భాగంతో విజయనగరం జిల్లాగా మనకు కొత్త పేర్లు వచ్చినవి ఆ కలిసిన నేలనుంచే.

ఇక విచిత్రాలు చూడండి. కళింగ గంగరాజుల పాత రాజధాని శ్రీముఖలింగం. కిమిడి ప్రభువులు ఆ గజపతుల వారసులమని చెప్పుకునేవారు. ఇప్పుడు పూర్వుల గుడి ఇటువైపు, వారసుల కోట అటువైపు. 1900 సంవత్సరంలో రాజావారు నౌపడానుంచి తమ ఊరికి వేయించుకున్న చిన్న రైలు ఉంది. నౌపడా ఇటు, పర్లాకిమిడి అటు. గీత పడిన మర్నాడు కూడా ఆ రైలు యథాప్రకారం టెక్కలి, పాతపట్నం మీదుగా పొగ వదులుకుంటూ పోయింది. అమ్మమ్మ ఆ బొమ్మరైలులోనే పెళ్ళికూతురై టెక్కలి వచ్చింది. 2011 నుంచి ఆ దారిలో పెద్ద రైళ్ళు నడుస్తున్నాయి.

టెక్కలి అత్తవారింట్లో ఆవిడను చాలాకాలం "ఒడియా పిల్ల" అని వేళాకోళం చేసేవారట. పుట్టుక తెలుగు, ఇంటిపేరు తెలుగు, మాట తెలుగు. ఊరు గీతకు అవతలపడ్డ పాపానికి ఈ బిరుదు! ఆవిడ తక్కువ తిన్నది కాదు. కిమిడిలో పక్కింటి నేస్తం దగ్గర ఆటగా నేర్చుకున్న ఒడియా అక్షరాలతో పాల పద్దు రాసుకునేది. అత్తగారికి చదవ రాదు. పాలవాడికి ఎంత బాకీ ఉన్నదో, పెరుగు తోడుపెట్టగా పిల్లలకు దొంగతనంగా ఎన్ని సోలలు పోసిందో, ఆ రహస్యమంతా ఒడియాలో భద్రంగా ఉండేది.

అదే ఏడాది, మరో దేశంలో

ఈమధ్య వేల్సు ప్రజల చరిత్ర చదువుతుండగా అక్కడా 1936 నన్ను నిలబెట్టి పలకరించింది. ఇంగ్లండుకు పడమట ఉన్న చిన్న దేశం వేల్సు. వారి భాష ఇంగ్లీషుకు దగ్గరి చుట్టం కాదు. దాని శాఖే వేరు. 1536లో ఎనిమిదో హెన్రీ కాలపు చట్టం వేల్సును ఇంగ్లండులో కలిపేసి, కోర్టులలో ఇంగ్లీషు తప్ప మరో భాష చెల్లదన్నది. పందొమ్మిదో శతాబ్దంలో కొన్ని బడులలో వెల్షు మాట్లాడిన పిల్లవాడి మెడలో ఒక కొయ్యముక్క తగిలించేవారు. అయ్యో పాపం అనుకుంటున్నారా? 2009లో మన కడప జిల్లా మైదుకూరులో ఒక బడిలో తెలుగు మాట్లాడినందుకు పిల్లల మెడలో పలకలు వేలాడదీసిన వార్త మనమందరం చదివాము.

సరిగ్గా ఆ చట్టానికి నాలుగువందల ఏళ్ళు నిండిన 1936లో, వేల్సు వాయవ్యాన లీన్ ద్వీపకల్పంలో పెనిబెర్త్ అనేచోట ప్రభుత్వం బాంబులు వేయడం నేర్పే వైమానిక శిక్షణకేంద్రం కట్టసాగింది. ఇంగ్లండులో అనుకున్న చోట్ల ప్రజలు వద్దంటే మానుకున్నవారు, వెల్షువారు వద్దంటే వినిపించుకోలేదు. అచ్చమైన వెల్షు పలికే పల్లెసీమ అది. సెప్టెంబరు 8వ తేదీ తెల్లవారుజామున ముగ్గురు పెద్దమనుషులు అక్కడి పాకలకూ కలపకూ నిప్పుపెట్టి, తిన్నగా పోలీసుఠాణాకు వెళ్ళి "మేమే పెట్టాము" అని చెప్పారు. ఒకరు సాండర్స్ లూయిస్, స్వాన్సీ కాలేజీలో వెల్షు సాహిత్యం చెప్పే లెక్చరరు. రెండోవారు లూయిస్ వాలెంటైన్, క్రైస్తవ మతబోధకుడు. మూడోవారు డి.జె. విలియమ్స్, బడిపంతులు. వేల్సులో జరిగిన విచారణలో జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేకపోయింది. కేసును లండనుకు మార్చి, 1937 జనవరిలో తలకు తొమ్మిది నెలల జైలు వేశారు. లూయిస్ గారి కాలేజీ ఉద్యోగం కూడా ఊడింది.

భాషాసాహిత్యాలు చెప్పుకుని బతికే నాబోటివాడికి ఈ కథ చదివితే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. నిప్పుపెట్టడం మంచిదని నేననను. గిడుగువారు నిప్పు పెట్టలేదు. అర్జీలు పెట్టారు, వాదించారు, ఓడి ఇల్లు విడిచారు. దారులు వేరు. ఇద్దరికీ తగిలిన దెబ్బ మాత్రం ఒకటే. మీ భాష సంగతి మీరు కాదు, దూరాన ఉన్న మేము తేలుస్తామన్న మాట.

తరువాత ఏమయింది? 1967లో వెల్షుకు చట్టంలో కొంత చోటు దొరికింది. 1982లో వెల్షు టెలివిజను వచ్చింది. 2011లో అధికార భాషగా గుర్తింపు దక్కింది. కాని 1931లో నూటికి 37 మంది మాట్లాడే భాష 2021 జనాభా లెక్కలకు నూటికి 18 మందికి చేరింది. చట్టం వచ్చేసరికి నోళ్ళు తగ్గిపోయాయి. సరిహద్దూ, చట్టమూ భాషకు గోడా కప్పూ కావచ్చు; లోపల పొయ్యి వెలిగించవలసింది ఇంటివాళ్ళే.

ఎవరూ అడగని భాష

మూడేళ్ళ కిందట నా తరగతిలో ఒక సవర కుర్రవాడు ఉండేవాడు. పరీక్ష కాగితాలు దిద్దుతుంటే అతని నోటుపుస్తకం చివరి పుటలో ఏవో అక్షరాలు కనిపించాయి. తెలుగు కావు, ఒడియా కావు, నాగరి కావు.

"ఏమిటోయ్ ఇవి?" అన్నాను.

"మా అక్షరాలండి. గుణుపురంలో మా మావయ్య నేర్పాడు. నా పేరు రాసుకున్నానండి" అన్నాడు.

ఎం.ఏ. చదివిన నాకు, గిడుగువారి మీద ఏటా ఆగస్టులో ఉపన్యాసం దంచే నాకు, సవరకు లిపి ఉన్నదన్న సంగతి ఆ పూటకు తెలియదు. సిగ్గుపడి, వెతికి చదివాను. మంగెయ్ గొమాంగో అనే సవర పెద్ద తన జాతికోసం కొత్త లిపిని వెలువరించాడు. ఇరవైనాలుగు అక్షరాలు. ఒక్కొక్క అక్షరానికి వారి దేవతల పేరు. దానిని సొరంగ్ సొంపెంగ్ అంటారు. అతడు దానిని వెలువరించిన సంవత్సరం చూసి నేను పుస్తకం మూసి కాసేపు కూర్చుండిపోయాను. 1936!

ఆలోచించండి. ఆ ఏడాది కొండల కింద రెండు భాషలవారు సరిహద్దు మీద తగువులాడుకుంటున్నారు. సవర కొండలలో కొన్ని అటు పోయాయి, సీతంపేట వైపు కొన్ని ఇటు మిగిలాయి. అన్నదమ్ముల పల్లెలు రెండు రాష్ట్రాలలో పడ్డాయి. మీరు తెలుగువైపా, ఒడియావైపా అన్నదే ప్రశ్న. మీ భాష సంగతేమిటి అన్నది ప్రశ్న కాదు. అదే ఏడాది అదే కొండలలో ఒక మనిషి తెలుగు లిపీ వద్దు, ఒడియా లిపీ వద్దు, మాకు మా అక్షరం కావాలన్నాడు. పెద్దభాషలు మనకు చేసిన అన్యాయాన్ని లెక్కపెట్టుకునే మనం, మనకన్నా చిన్నభాషకు పెద్దభాషవారమేనన్న సంగతి మరచిపోతాము.

ఆ రోజుల్లో దానిని మరవనివాడు ఒకడున్నాడు. రాజమహేంద్రవరం చేరిన గిడుగువారు. సొంత ఊరు పోయింది. తాను ఎక్కిన కొండలు మరో రాష్ట్రానికి పోయాయి. చెవులు అంతకుముందే పోయాయి. అయినా 1938లో ఆయన సవర–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయి బయటికి వచ్చింది. సవర మాట ఒక్కటైనా వినిపించని గోదావరి ఒడ్డున కూర్చుని, ఆ కొండవారి మాటలను వరుసగా పేర్చి లోకానికి ఇచ్చారు. 1940 జనవరి 22న కన్నుమూశారు. తెలుగు కోసం ఇల్లు విడిచిన మనిషి చివరిదాకా సవర కోసం కూడా పని చేశారంటే, భాషాభిమానమంటే ఇది అని మన పిల్లలకు వేలుపెట్టి చూపవచ్చును.

గీత తరువాత

1937 ఏప్రిల్ 1న పర్లాకిమిడి రాజావారు ఒరిస్సాకు తొలి ప్రధానమంత్రి అయ్యారు. ఈనాడు పర్లాకిమిడి ముఖ్యపట్టణంగా ఉన్న గజపతి జిల్లా 1992లో ఆయన పేరనే వెలసింది. ఇటువైపు, ఒరిస్సా గీత పడినప్పుడు మద్రాసు ప్రభుత్వానికి అధిపతిగా ఉన్న బొబ్బిలి రాజావారిని 1937 ఎన్నికల్లో బొబ్బిలిలోనే ఓడించినవారు బరంపురంలో పుట్టిన వి.వి. గిరిగారు. ఉత్కళులకు ఇల్లు వచ్చింది, మనకేదీ అన్న మాట తెలుగునాట గట్టిగా వినిపించసాగింది. ఆ మాట పొట్టి శ్రీరాములుగారి ప్రాణం తీసుకుని 1953 అక్టోబరు 1న గాని ఫలించలేదు.

గీత పూర్తిగా ఆరిందనడానికీ లేదు. సాలూరు కొండలలో కొటియా గ్రామాలు ఇరవైయొకటి ఉన్నాయి. ఏ రాష్ట్రానివో నేటికీ తేలలేదు. 1968లో సుప్రీంకోర్టుకు ఎక్కిన తగువు 2006లో యథాస్థితి అన్న మాటతో ముగిసింది. అక్కడివారిలో అనేకులకు రెండు రాష్ట్రాల రేషను కార్డులూ, రెండు రాష్ట్రాల ఓటు కార్డులూ ఉన్నాయి. ఇచ్ఛాపురం, కంచిలి వైపు వెళితే మన రాష్ట్రంలోనే ఒడియా మాట్లాడే పల్లెలున్నాయి. అటు బరంపురంలో, పర్లాకిమిడిలో, రాయగడలో తెలుగు ఇళ్ళున్నాయి. ఇటువారి ఒడియాను మనం ఎంత గౌరవంగా చూస్తామో, అటువారి తెలుగుకు అంత గౌరవం అడిగే హక్కు మనకుంటుంది. లెక్క అంతే.

అమ్మమ్మ పోయిన కొన్నేళ్ళకు ఆవిడ ట్రంకుపెట్టెలో పాల పద్దు పుస్తకం ఒకటి దొరికింది. చదవ రాక, జేబులో పెట్టుకుని పర్లాకిమిడి వెళ్ళాను. టీకొట్టు దగ్గర బెంచీ మీద కూర్చున్న ఒక ఒడియా పెద్దాయన చేతికిచ్చాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని, వేలు పెట్టి ఒక్కొక్క పంక్తీ చదివి తెలుగులో చెప్పసాగాడు. "సోమవారం తవ్వ, మంగళవారం సోల..." అక్షరాలు ఒడియావి, వారాల పేర్లు తెలుగువి! పుట చివరికి వచ్చేసరికి ఆయన నవ్వాడు.

"ఎవరు బాబూ ఈవిడ? కూడికలో రెండు సోలలు కలపడం మరిచిపోయింది."

మరిచిపోలేదని నాకు తెలుసు. ఆ రెండు సోలలూ ఎవరు తాగారో కూడా మా అమ్మ చెప్పగా విన్నాను.